కరుస్తున్నాయా అని అడిగాను

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘం యువజనులు ఇద్దరు చిలకలగూడలో మా ఇంటికి వచ్చారు. ఈస్టరుకు పుస్తకం వేస్తున్నారట. అందులో 'సేవలో సంతోషం' అని నేను నాలుగు పేజీలు రాసివ్వాలట.

"అంకుల్, మీరు ముప్పయి రెండేండ్లు మిషన్ ఆస్పత్రిల చేసిన్రు గదా. జెర పాజిటివ్‌గ రాయుండ్రి. చదివినోళ్లకు జోష్ రావాలె" అన్నాడు అబ్బాయి.

అమ్మాయి ఇంకో మాట కలిపింది. "ఈసారి మాండీ థర్స్‌డేకి పన్నెండు మంది పేదోళ్ల కాళ్లు కడిగి కొత్త చెప్పులు ఇద్దామనుకుంటున్నం అంకుల్. సైజులు ఎట్ల తీస్కోవాలో చెప్తరా?"

టీ గ్లాసు కింద పెట్టాను. నా భార్య నా ముఖం ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఏం జరగబోతోందో ఆమెకు తెలుసు. ఆ తర్వాత పది నిమిషాలు నేను ఏమేం అరిచానో ఇక్కడ రాయను. పిల్లలు బిస్కెట్లు కూడా ముట్టకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

వాళ్ల మీద అరవడం తప్పే. అరవాల్సింది వేరేవాళ్ల మీద, అందులో మొదటివాణ్ణి నేనే. అందుకని ఇది రాస్తున్నాను. బాబూ, తల్లీ, అడిగింది మీరే కాబట్టి చివరిదాకా చదవండి. జోష్ వస్తుందని మాత్రం నేను మాటివ్వను.

నేను ఆసుపత్రిలో చెప్పులు కుట్టేవాణ్ణి. మా నాన్న సికింద్రాబాద్ స్టేషన్ బయట గోనెపట్టా పరుచుకుని, ఆరెతో తోలు కుడుతూ మమ్మల్ని పెంచాడు. ఆ ఆరె పట్టుకునే నేను మిషన్ ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాను. మా సెక్షన్‌కు వచ్చేవి మామూలు కాళ్లు కావు. షుగరు వల్లనో, కుష్ఠు వల్లనో స్పర్శ పోయిన కాళ్లు. ఆ కాళ్లకు నొప్పి తెలియదు. నొప్పి తెలియకపోతే హాయే కదా అనుకుంటారు చాలామంది. మనకు చెప్పులో చిన్న రాయి దూరితే నాలుగడుగుల్లో తీసి పారేస్తాం. వాళ్లు ఆ రాయి మీదే పొద్దంతా నడుస్తారు. సాయంత్రం చెప్పు విప్పితే రక్తం కనబడుతుంది. పుండవుతుంది, చీము పడుతుంది, వేలు పోతుంది, ఒక్కోసారి కాలే పోతుంది.

అందుకని మా పనిలో కొన్ని కట్టుబాట్లుండేవి. మేకు కొట్టకూడదు. కాగితం మీద కాలి గీత గీసేటప్పుడు మనిషి నిలబడే ఉండాలి, బరువు పడితేనే పాదం తన అసలు సైజు చూపిస్తుంది. పట్టీ అంచును లోపలికి మడిచి కుట్టి, గుచ్చుకోకుండా సుత్తితో మెత్తగా కొట్టాలి. వీటన్నిటికంటే పెద్దది అరగంట నియమం. కొత్త చెప్పులు మొదటి రోజు అరగంటే వేసుకోవాలి. విప్పి, అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవాలి. ఎక్కడా ఎర్రబడకపోతే మర్నాడు గంట. అలా పెంచుకుంటూ పోవాలి, అప్పటిదాకా పాత చెప్పులే. మొద్దుబారిన కాలిని ఎట్లుందని ఎప్పుడూ అడగకూడదు. దానికి తెలియదు కాబట్టే కదా మన దగ్గరకు వచ్చింది! కొత్తగా చేరిన ప్రతివాడికీ నేను ఈ మాట చెవులు పిండి మరీ నేర్పించేవాణ్ణి.

నా ఉద్యోగం చివరి ఏళ్లలో ఒక కూరగాయలామె మా దగ్గరికి వచ్చేది. పద్మారావు నగర్ వీధుల్లో తోపుడు బండి మీద కూరగాయలమ్మేది. షుగరు వల్ల రెండు కాళ్లూ మొద్దుబారిపోయాయి. కుడికాలి బొటనవేలు అంతకుముందే వేరే ఆసుపత్రిలో తీసేశారు. ఎడమకాలు పుండుతో మా ఆసుపత్రికి వచ్చింది. డ్రెస్సింగు గది సిస్టరమ్మ ఐదు నెలలు కట్లు కట్టి దాన్ని మాన్పింది. నేను చెప్పులు కుట్టిచ్చాను. అవి చూడటానికి దరిద్రంగా ఉండేవి. మూడుసార్లు పట్టీలు మార్చాను, మడమ దగ్గర అతుకు వేశాను. కానీ ఆ చెప్పుల్లో రెండేళ్లు ఆమె కాలికి చిన్న గీత కూడా పడలేదు. వచ్చినప్పుడల్లా ఒక కొత్తిమీర కట్ట తెచ్చి బల్ల మీద పెట్టేది. "నీకు గాదన్నా, వదినెకు" అనేది. ఎప్పుడు వచ్చినా ఒకటే మాట, "మంచిగున్నయన్నా." నా పనితనానికి మెప్పనుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడు ఈస్టరుకు ముందు ఆసుపత్రి కమిటీ కార్యదర్శి నన్ను పిలిచాడు. పెద్ద చదువులు చదివినవాడు, మాట మెత్తన. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన పవిత్ర గురువారం నాడు పన్నెండు మంది రోగుల కాళ్లను దాతలు కడుగుతారు, కొత్త చెప్పులు తొడుగుతారు. పదిహేను రోజుల్లో పన్నెండు జతలు కావాలి.

"సార్, ఒక్క జతకు మూడు రోజులు పడుతుంది" అన్నాను.

"ప్రభువు బలమిస్తాడులేవయ్యా. అన్నీ ఒకే రంగులో ఉండాలి, ఫొటోలో బాగుంటుంది. ఇంకో మాట. పుండ్లున్నవాళ్లు, వేళ్లు లేనివాళ్లు వద్దు. చూసేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది. అన్నట్టు, నీకు కూడా వేదిక మీద శాలువా కప్పుతున్నాం."

అక్కడే పడిపోయాను. ముప్పయ్యేళ్లు నేను ఆ మిషన్ వాళ్ల గుడికి వెళ్లాను. నాకు దూరం నుంచి వందనాలు చెప్పేవాళ్లు చాలామందే, చెయ్యి కలిపేవాళ్లు మాత్రం తక్కువ. తోలు ముట్టుకునే చెయ్యి కదా! ప్రభువు అందరినీ ఒక్కటి చేశాడని పాడే నోళ్లే అవి. అలాంటిది వేదిక మీదికి పిలుస్తామనేసరికి నా బుద్ధి గడ్డి తిన్నది. పైగా గొప్పకు పోయి, కూరగాయలామె పేరు నేనే పట్టుబట్టి చేర్పించాను. వేలు లేదు కదా అని కార్యదర్శి నసిగితే, "ఎడమకాలే కడిగిద్దాం, కుడికాలికి నా చెప్పు తొడిగితే కనబడదు సార్" అన్నాను. నా పనితనం నలుగురూ చూడాలని నా ఆశ.

గురువారం పొద్దున ఏడింటికే ఆ పన్నెండు మందినీ డ్రెస్సింగు గదిలో వరసగా కూర్చోబెట్టాం. గోళ్లు తీశాం. మడమల మట్టి వదిలేదాకా రుద్దాం. వాసన సబ్బుతో కడిగి తుడిచాం. సిస్టరమ్మది విజయనగరం వైపు. చేతులు నడుం మీద పెట్టుకుని అడిగింది.

"ఏటి బాబూ, మనమే ముందు కడిగేస్తే ఆళ్లు కడిగేదేటి?"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పదింటికి గుడిలో కార్యక్రమం మొదలైంది. ఇత్తడి పళ్లేలు, నీళ్లలో గులాబీ రేకులు, తెల్ల తువ్వాళ్లు. పెద్దమనుషులు మూడు వేళ్లు తడిపి మేం కడిగిన కాళ్ల మీద రాశారు. ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ రాశారు. కూరగాయలామె కాలు మూడుసార్లు తడిసింది, మూడూ కెమెరా కోసమే. ప్రభువా, నువ్వు ఆ రాత్రి తువ్వాలు నడుముకు చుట్టుకున్నప్పుడు నీ శిష్యుల కాళ్లు ఎవడైనా ముందే కడిగి పెట్టాడా? ఈ ప్రశ్న ఆ రోజే అడగాల్సింది. ఆ రోజు నా కళ్లు శాలువా మీదున్నాయి.

అంతా అయ్యాక గుడి మెట్ల దగ్గర ఆమె నన్ను పట్టుకుంది.

"అన్నా, నా పాత చెప్పులు లెవ్వు. గీడనే ఇడ్సిన. వాలంటీర్లు అందరియీ సంచిల ఏస్కొని చెత్త బండిల పడేసిన్రంట."

పాత చెప్పులు గుమ్మం ముందు కుప్పగా ఉంటే ఫొటోలో బాగుండదని పారేశారు. నాకు కోపం రావాల్సింది అప్పుడే. భుజం మీద శాలువా ఉంది, ఎవరో వచ్చి చెయ్యి కూడా కలిపారు. కోపం రాలేదు.

"పోతే పోనియ్ చెల్లె. కొత్తయి ఉన్నయ్ గదా" అన్నాను.

"గివి ఏస్కొని ఇంటికి పోవచ్చునా? అరగంటనే అని నువ్వే అంటివి గదన్నా."

చూడండి, నియమం నాకు ఆమె గుర్తుచేసింది. నేనేం చేశానో తెలుసా? ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న మనిషిని, ఆ మొద్దుబారిన కాళ్ల వంక చూసి, "కరుస్తున్నయా?" అని అడిగాను.

"లేదన్నా. మంచిగున్నయ్, మెత్తగున్నయ్."

"అయితే పో. ఏం గాదు."

మర్నాడు శుభ శుక్రవారం. మా సెక్షన్‌కు సెలవు. మూడు గంటల ఆరాధనలో కూర్చుని సిలువ ధ్యానాలకు కన్నీళ్లు పెట్టుకున్నాను కూడా. నేను ఏడ్చిన ఆ మూడు గంటలూ ఆమె నేను కుట్టిన చెప్పులతో పద్మారావు నగర్ ఎండలో బండి తోస్తోంది. శనివారం తోసింది. మేం ఈస్టరు పాటలు పాడిన ఆదివారమూ తోసింది.

సోమవారం వచ్చింది. కాలికి చీర పేలిక చుట్టుకుని ఉంది. సిస్టరమ్మ విప్పి చూసింది. ఎడమకాలి చిటికెనవేలి మొదట్లో పుండు, చుట్టూ వాపు, చీము వాసన. చెప్పు చేతిలోకి తీసుకుని పట్టీ లోపల వేలు పెట్టింది.

"ఎవులు కుట్టేరిది? ఈ అంచు చూడు, బ్లేడులాగుంది! కొత్త చెప్పులతో పంపినోడికి బుర్రుందా?"

హడావిడిలో ఆ అంచును సుత్తితో కొట్టలేదు. నేనేనని చెప్పాను. సిస్టరమ్మ చెప్పు నా చేతిలో పెట్టి, పుండు కడగడానికి వంగింది. తిట్టి ఉంటే బాగుండేది.

డాక్టరు చూసి, పుండు ఎముక దాకా పోయిందేమోనన్నాడు. వేలుతో ఆగకపోతే పాదం తీయాల్సి రావచ్చన్నాడు. "పాదం తీస్తే బండి ఎట్ల తోసుడు సారూ?" అని అడిగిందామె. ఆయన కేసు షీటులో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, నన్నే ఓదార్చింది. "నీ తప్పేం లేదన్నా. నేనే ఎక్కువ నడిచిన." పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. ఆ దయ నేను భరించలేకపోయాను.

మూడో రోజు కార్యదర్శి పిలిచాడు. అప్పటికే ఆసుపత్రి గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో పళ్లెంలో ఉన్నది ఆమె కాలే. ఆ కాలు లోపల వార్డులో దిండు మీద వాచిపోయి ఉంది. కార్యదర్శి ఒక కాగితం నా ముందు పెట్టాడు. రోగి సూచనలు పాటించకపోవడం వల్ల గాయమైనదని టైపు చేసి ఉంది. కింద నేను సంతకం పెట్టాలి.

"సార్, ఆమె అడిగింది. నేనే పొమ్మన్న."

"ఏమయ్యా, దాతలు వింటే ఏమనుకుంటారు? సంఘానికున్న మంచి పేరు, మన సాక్ష్యం చెడిపోదూ?"

అరికాలి మంట నెత్తికెక్కింది. సాక్ష్యమట! ఆయన పెన్నే తీసుకుని ఆ వాక్యం కొట్టేశాను. కింద నా చేత్తో రాశాను: 'ఆమె అడిగింది. నేను తప్పు చెప్పాను. పట్టీ అంచు నేను కొట్టలేదు. ఆమె పాత చెప్పులు మనవాళ్లు పారేశారు.' సంతకం పెట్టాను.

"శాలువా కప్పిన కృతజ్ఞత కూడా లేదే నీకు" అన్నాడు.

బయటికి వచ్చి, రబ్బరు కోసే కత్తితో గేటు దగ్గరి ఫ్లెక్సీ తాళ్లు కోసేశాను. దానికి మెమో ఇచ్చారు. ఇంకెప్పుడూ వేదిక మీదికి పిలవలేదు. ఆ పెద్దమనిషికి మాత్రం ఇప్పటికీ సభల్లో ముందు వరస కుర్చీయే. శాలువా ఏమైందంటారా? నాలుగు మడతలు పెట్టి ఆమె మడమ కింద ఎత్తుగా వేశాం. అంతకంటే మంచి పని దానికి దొరకదు.

ఆపరేషన్ చేసి చిటికెనవేలు తీశారు. పాదం నిలుస్తుందో లేదో ఆరు వారాల దాకా చెప్పలేమన్నారు. ఇంటికి వెళ్లినా కాలు నేల మీద మోపకూడదు, రోజూ కడిగి చూసి కట్టు మార్చాలి. ఆమె గది చిలకలగూడలోనే, మా ఇంటికి రెండు సందుల అవతల. కూతురు అల్వాల్‌లో అపార్ట్‌మెంట్ పనులకు పొద్దున్నే బస్సెక్కి పోతుంది. కట్టు కట్టడం నాకు నేర్పమని సిస్టరమ్మను అడిగాను. ఆమె నా చెయ్యి మీద రెండుసార్లు కొట్టి మరీ నేర్పింది.

మొదటి రోజు నేను కాలు పట్టుకోబోతే ఆమె వెనక్కి లాక్కుంది.

"వద్దన్నా! పెద్దోనివి. నువ్వు నా కాళ్లు ముడ్తే నాకు పాపం తగుల్తది."

"తగిలితే నాకు పంపియ్. నా కాడ మస్తుగున్నయ్, అండ్ల కలుపుకుంట."

నవ్వింది. కాలు ఇచ్చింది. అయినా ప్రతిరోజూ నేను కట్టు కట్టగానే వంగి నా చేతులు కళ్లకద్దుకునేది. నాకు ఒళ్లు మండేది.

"ప్రార్థన చెయ్యవా అన్నా? ఆస్పత్రిల చేస్తరు గదా" అని ఒకరోజు అడిగింది.

"కోపంల ఉన్న చెల్లె. నోటికి వస్తలేదు."

నిజం రాస్తున్నాను. ఆ రోజుల్లో నాకు ఏ సంతోషమూ లేదు. అపరాధం నన్ను మెడ పట్టుకుని తీసుకెళ్లేది. చీము తుడవడం, గాజుగుడ్డ పెట్టడం, కార్యదర్శిని మనసులో తిట్టడం, నన్ను నేను తిట్టుకోవడం, డ్యూటీకి పోవడం. అంతే.

ఐదో వారానికి పుండు పూడింది, పైన చిన్న కట్టు మాత్రం మిగిలింది. మళ్లీ చెప్పులు కుట్టాను. ఈసారి నాలుగు రోజులు తీసుకున్నాను. తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఇంకా కాలు కూడా పెట్టలేదు, వాటి వంక చూసి, "మంచిగున్నయన్నా" అంది.

నాలో ఏదో తెగింది. "మంచిగున్నయ్ అనకు!" అని అరిచాను. పక్క గదిలోవాళ్లు తొంగిచూశారు. "మార్కెట్ల ఒక్క వంకాయ పుచ్చుంటె దుకాణపోన్ని ఏడు తరాలు తిడ్తవు. నీ కాలు తిన్న చెప్పును ఒక్క మాట అనవేంది? నన్ను అనవేంది?"

ఆమె ఒక చెప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత మెల్లగా అంది. "వంకాయ నేను కొంటనన్నా. నువ్వు దేవుని పేరు మీద ఊకనే ఇస్తవు. ఊకనే ఇచ్చేటోన్ని ఎట్ల తిడ్తరు?"

ముప్పయ్యేళ్లుగా నేను విన్న 'మంచిగున్నయ్'లన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. ఎంతమంది కాళ్లు ఆ మాట వెనక దాక్కున్నాయో! నొప్పి తెలియని కాలొకటి, నొచ్చిందని చెప్పలేని నోరొకటి. రెండోదానికి మందు మా ఆసుపత్రిలో లేదు. ఆ నోరు నొక్కింది కూడా మేమే, దేవుని పేరు చెప్పి.

ఆ పూటంతా కూర్చుని నేర్పించాను. చెప్పు లోపల చేతివేళ్లతో ఎలా తడమాలో, అద్దంలో ఎక్కడ చూడాలో, ఎరుపంటే ఏమిటో చూపించాను. చివరికి ఒక మాట చెప్పాను. "చెల్లె, నన్ను తిట్టకపోతే నీ కాలు పోతది. గంతే."

పిల్లలూ, మీరడిగిన సంతోషం సంగతి ఇంకా రాయలేదు. నాకు అది దొరికింది దాని తర్వాత నాలుగో రోజు పొద్దున. అంతకుముందు గుడిలో పొందాననుకున్నవేవీ దానికి సాటి రావు.

ఆ పొద్దున నేను తలుపు దగ్గరికి రాగానే ఒక చెప్పు వచ్చి నా మోకాలికి తగిలింది. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో అద్దం, ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏం కుట్టినవన్నా గిది? కండ్లు దొబ్బినయా? ఏలు పెట్టు, లోపట ఏలు పెట్టి చూడు! గంటకే ఎర్రగైంది. ఒకసారి ఏలు తీసేసిన్రు, మల్లేంది, కాలు తీపిస్తవా? ఏస్కోను పో! తీస్కపోయి ఇప్పి మల్ల కుట్టు!"

వంగి చెప్పు తీసుకున్నాను. మడమ దగ్గర, మెత్తటి రబ్బరు కింద, జిగురు గడ్డ కట్టి ఉంది. కందిగింజంత. నాలుగు రోజులు కష్టపడి కుట్టిన నాకు తగల్లేదు. ఆమె వేళ్లకు తగిలింది.

కోపం రాలేదు. సిగ్గు కూడా వేయలేదు. కడుపులోంచి సంతోషం తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయాను. అక్కడే గడప మీద కూలబడి నవ్వాను. "నవ్వుతవేంది, నీకేమన్న పిస లేసిందా?" అని ఇంకో రెండు తిట్లు తిట్టింది. ఆ రోజు కట్టు కట్టాక నా చేతులు కళ్లకద్దుకోలేదు. ఐదు వారాలు నోటికి రాని ప్రార్థన అప్పుడు వచ్చింది. స్తోత్రం ప్రభువా, అంతే.

ఒంటి చెప్పు చంకలో పెట్టుకుని చిలకలగూడ సందుల్లోంచి పాడుకుంటూ ఆసుపత్రికి నడిచాను. సిస్టరమ్మ డ్రెస్సింగు గది తాళం తీస్తోంది.

"ఏటి బాబూ, పొద్దున్నే అంత సంబరం?"

"తిట్టింది సిస్టర్. మా చెల్లె నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది."

ఆమె నా చేతిలోని చెప్పు తీసుకుంది. లోపల వేలు పెట్టి ఆ గడ్డ వెతికి పట్టుకుంది. నా ముఖం వంక ఒకసారి చూసింది.

"అయితే ఆ కాలు నిలబడిపోతాదిలే" అంది.

నేను లోపలికి వెళ్లి, బల్ల ముందు కూర్చుని, కుట్టు విప్పడం మొదలుపెట్టాను.